ఉద్యోగోన్నతియా? ఉన్నత విద్యయా?

విశాఖపట్టణమున వన్ టౌన్‌లోని బట్టలకొట్లలో పనిచేయు యువకులకు ఒక సంకటము ఎదురగుట కలదు. నమ్మకముగా పనిచేసినవానిని యజమాని పెద్ద గుమాస్తాను చేసి జీతము పెంచెదననును. అదే వేసవిలో ఇంటరు ఫలితములును వెలువడును. తల్లిదండ్రుల చూపు జీతముపై నుండును. కుమారుని మనస్సు కళాశాలవైపు లాగుచుండును.

జీతమును చిన్నచూపు చూడరాదు. ఇంటి ఆకలి నెరిగినవాడు దానిని కోరుట దోషము కాదు. బేరము కుదుర్చుటయు, లెక్క తప్పకుండుటయు గూడ విద్యలే. కాని కొట్టు మూతపడినచో ఆ పదవియు దానితోనే పోవును. నేర్చిన చదువును ఎవ్వరును తీసికొనలేరు.

ఆ వన్ టౌన్‌లోనే మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల యున్నది. 1860లో పాఠశాలగా మొదలై, 1878లో కళాశాలగా ఎదిగినది. చంద్రశేఖర వెంకట రామన్ చిన్నతనమున చదివినది అచ్చటనే.

ఇల్లు గడవనివారికి వేరొక దారియు గలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోనే దూరవిద్యకు ద్వారము తెరచినది. పగలు కొట్టు, రాత్రి పుస్తకము, ఇది కష్టమే. అయినను, జీతము ముందైనను పెరుగవచ్చును, చదువుకొను ప్రాయము మరల రాదు. వీలున్నవాడు పదవిని విడిచి కళాశాలకు పోవలెను; వీలులేనివాడు రెంటిని మోయవలెను. చదువును విడుచుట మాత్రము ఎవ్వరికిని తగదు.