ఫోటోకి ఊటీ ఎందుకండీ?

ఫోటో తియ్యాలంటే ఊటీయో కాశ్మీరో వెళ్లాలనుకునే కుర్రకారుకి నాదో సలహా. ఓ సెలవురోజు ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ మీదుగా హిందూపురం దాకా వెళ్లండి. జేబులో సెల్‌ఫోను చాలు.

పెనుకొండలో అందరూ గగన్ మహల్ ముందు హీరో పోజు కొడతారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు వచ్చి వున్న వూరు మరి, కొట్టాల్సిందే! కానీ పొద్దువాలే వేళ కొండవైపు తిరిగి చూడండి. ఆ గుండ్ల మీద పడే ఎర్రటి వెలుగుకి లైట్‌బాయ్ అక్కర్లేదు.

హిందూపురం మార్కెట్టులో చింతపండు కుప్పల మధ్య పసుప్పచ్చ చీరలో కూర్చున్న అమ్మ చాలు, ఫ్రేము నిండిపోతుంది. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లోనే వెన్నెల కురిపించాడు. ఇన్ని రంగులు చేతిలో వున్న మనకేం రోగం?

అక్కణ్ణుంచి లేపాక్షి దగ్గరే. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చడం, వీడియో తియ్యడం, బస్సెక్కడం - ఇదీ జనం వరస. లతామండపం స్తంభాల మీద తీగలూ పువ్వులూ ఎవరికీ పట్టవు. నేను వాటినే ఒక్కొక్కటీ తీసుకుని ధర్మవరం తిరిగొచ్చాను. ఓ మగ్గం ఇంట్లో చూపిస్తే, రాట్నం మీద కండెలు చుడుతున్న పెద్దావిడ ఫోను లాక్కుని, “ఇది మేం నేసే అంచే గదప్పా!” అంది.

ఆ ఇంట్లో ఒకటే కిటికీ. నేతగాడి కాళ్లు గుంటలో, చెయ్యి నాడె మీద. కిటికీలోంచి సన్నటి వెలుగు చార వచ్చి జరీ మీద వాలింది. స్టూడియోలో ఎన్ని లైట్లు పెడితే వస్తుందండీ అది? మరమగ్గాలు పెరిగాక ఇలాంటి ఇళ్లు తగ్గిపోతున్నాయి. కొన్ని రకాల నేతని చేమగ్గాలకే కేటాయిస్తూ 1985లో చట్టమైతే వచ్చింది. చట్టం సంగతి మగ్గం ముందు కూర్చున్నవాణ్ణి అడగాలి.

“చీరల ఫోటోలు తీసేకి షాపోళ్లు వస్తారు. నన్నెవరూ తియ్యలా” అంది పెద్దావిడ. అడిగే తీశాను. (అడక్కుండా తియ్యకండి, అది దొంగతనమే.) వారం తర్వాత ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. మొహం వంక ఓ చూపు చూసి, చేతుల దగ్గర ఆగిపోయింది.

“ఈ ఏళ్లు నావేనా?” అంటూ దారం పోగులు అంటిన వేళ్లని ఫోటో పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత కోడల్ని కేకేసింది, “ఇట్రాయే, నువ్వూ నిలబడు!”