రొట్టె ఎవరి గుమ్మం దాటవలెను?

మంచేనహళ్ళి వైపు మన ఇండ్లలో ముద్ద అంటే రాగిముద్దే. కథోలికుల గుడిలో బలిపీఠం మీదికి వచ్చేది మాత్రం గోధుమ అప్పం. దానినే వారు దివ్యసత్ప్రసాదమంటారు. యేసు తాను పట్టుబడిన రాత్రి రొట్టె విరిచి, ఇది నా శరీరమని శిష్యులకు పంచినాడు గదా, దాని కొనసాగింపు ఇది. యోహాను సువార్త ఆ రాత్రి కథలో రొట్టె విరిచి పంచిన మాట ఎత్తదు. గురువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి చెబుతుంది. మాకు రెండూ ఒకటే పనిగా తోస్తున్నవి. తన్ను తాను ఇచ్చివేయడం.

చెప్పడం తేలికే. ఇది ఎంత కష్టమో మన పొరుగున చిక్కబళ్ళాపురం చరిత్రలోనే కనబడుతుంది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి యేసుసభ గురువులు అక్కడ మకాం పెట్టినారు. తమ ఉత్తరాలలో ఆ ఊరిని చిన్నబళ్ళాపురమని వ్రాసుకున్నారు. తెలుగు నేర్చినారు, మాంసం మానినారు, సన్యాసుల వేషం వేసినారు. ఇల్లూ వాకిలీ, దేశమూ విడిచి వచ్చినవారి త్యాగం చిన్నది కాదు. అయితే పై కులాలవారు దూరమవుతారనే భయం వారిని వదలలేదు. అంటరానివారని పేరుపడినవారి గుడిసెలో రోగి మంచం పట్టితే, అక్కడ అడుగుపెట్టడం ఎట్లా?

1704లో పాపుగారి ప్రతినిధి టూర్నో పుదుచ్చేరిలో కచ్చితంగా చెప్పినాడు: రోగి ఏ కులమైనా సరే, గురువు ఆ ఇంటికే వెళ్ళి సంస్కారాలు ఇవ్వవలెను. మధుర, మైసూరు, కర్ణాటక మిషన్లు మూడింటికీ ఆ ఆజ్ఞ. తగవు నలభై ఏండ్లు సాగింది! 1744లో 14వ బెనెడిక్టు పాపు దానిని ముగించి, వెళ్ళి తీరవలెనన్నాడు. యేసుసభవారు మధ్యేమార్గంగా ఆ కులాలకు వేరే గురువులను ఏర్పరుస్తామంటే ఒప్పుకున్నాడు.

ఈ ఏర్పాటును మెచ్చుకోవాలో నొచ్చుకోవాలో తేల్చడం సులభం కాదు. అందుకు ముందుకు వచ్చిన గురువులు పై కులాల గడపలు తమకు తామే మూసుకున్నారు, అది ఆత్మార్పణమే. కాని విరిచిన రొట్టె ఒకటైతే పంక్తులు రెండైనవి. కొరింథులో కలిగినవారు ముందుగా తిని, లేనివారిని పస్తు పెట్టినప్పుడు పౌలు మందలించినది ఇందుకే గదా. పెద్దలు లెక్క కట్టుకున్న నలభై ఏండ్లలో ఆ గుడిసెలలో రోగులు ఎదురు చూస్తూనే ఉన్నారు.