మన తండా బోరు నీళ్ల రిపోర్టు ఏది?

తనకల్లు మండలంలోని తండాల యాడీలకు, బాపులకు, నాయక్‌లకు, కారోబారీలకు:

ఇంట్లో పిల్లల్ని ఒకసారి నోరు తెరిపించి చూడండి. పాలపళ్లు ఊడి కొత్తగా మొలిచిన ముందుపళ్ల మీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు ఉన్నాయా? అది గార కాకపోవచ్చు. ఫ్లోరైడ్ చారలైతే ఎంత తోమినా పోవు. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో, ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్ల గుర్తులవి. అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, నడుము పట్టేస్తాయి. ఒకసారి వంగిన ఎముకను సరిచేసే మందు లేదు. నీళ్లు మార్చుకోవాల్సిందే.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్ బండ. వాన చూస్తే అంతంత మాత్రం. పైనీళ్లు ఎండేకొద్దీ బోర్లు లోతుకు పోయాయి. బండ పగుళ్లలో నిలిచిన నీళ్లు రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుని పైకొస్తాయి. తేటగానే ఉంటాయి, రుచీ మారదు. కాచితే ఫ్లోరైడ్ పోదు సరికదా, ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకుంటే 1.5 వరకే అన్నది దేశ ప్రమాణం. మన బోరులో ఎంతుందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

క్యాన్ నీళ్లు కొనుక్కోండి అనే పెద్దమనుషులకు ఒక మాట. సగం ఇల్లు బెంగళూరుకు వలస పోతే తండాలో మిగిలేది ముసలివాళ్లు, పసిపిల్లలు. ఆ క్యాన్ ఎవరు కొనాలి, ఎవరు మోయాలి?

ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల మంచినీళ్లు అంటూ జల్ జీవన్ మిషన్ 2019లో మొదలైంది. 2024 గడువు దాటింది, ఇప్పుడు 2028 అంటున్నారు. కొళాయి బిగించి లెక్క రాసుకుంటే చాలదు, అందులో తాగే నీళ్లు రావాలి. 1990లలో సత్యసాయి ట్రస్టు ఉమ్మడి అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు నీళ్లిచ్చి చూపించింది. ఇప్పుడు హంద్రీ-నీవా పుణ్యమా అని కృష్ణా నీళ్లు కదిరి పక్కన చెర్లోపల్లి రిజర్వాయర్ దాకా వచ్చాయి. అక్కడి నుంచి మన తండా ట్యాంకు దాకా పైపు కావాలి. గిరిజనుల వాటా నిధులకు 2013 నుంచి ఉపప్రణాళిక చట్టమే ఉంది. ఉన్న బోరును కాపాడుకోవడానికీ దారి ఉంది: ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా వేరే బోరు వేయకూడదని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది.

ఈ సోమవారం అర్జీల వేళకు బిందెలతో మండల ఆఫీసు దగ్గరికి రండి. పనికి పోయేవాళ్లు ఆ ఒక్క పూట పని మానుకోండి. మీ తండాలో ప్రతి బోరు, ప్రతి ట్యాంకు పేరు రాసి, ఫ్లోరైడ్ పరీక్ష ఎప్పుడు చేశారు, ఎంత వచ్చింది అని అడగండి. ఆ అంకెను ట్యాంకు మీద పెయింటుతో రాయాలని కోరండి. ఎక్కువ ఉన్న చోట పైపులైను వచ్చేదాకా రోజూ ట్యాంకరు పంపమనండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెడదాం. మండల ఆఫీసులో రుసుము ఐదు రూపాయలే, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

అర్జీ రెండు ప్రతులు తెచ్చుకోండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకున్నాకే వెనక్కి తిరగండి.

— తనకల్లు మండలం తండాల యువకులు, మహిళలు