దారి వెతికే ఆటలు ఎందుకు ఆడాలి?

పిల్లలూ! కర్నూలు, కడప ప్రాంతాలలో బెలుం గుహల పేరు విననివారు ఉండరు. మీలో చాలామంది విహారయాత్రకు వెళ్ళి చూసి కూడా ఉంటారు. ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ గుహల పటం ఎలా గీశారు? ఊరి పటమైతే కొండెక్కి చూసి గీయవచ్చు. ఆకాశం నుంచి ఫోటో తీసి గీయవచ్చు. గుహకు అలా కుదరదు. లోపల సూర్యుడు లేడు, చుక్కలు లేవు. మనిషే దిగాలి. ఎంత దూరం నడిచాడో, ఎటు తిరిగాడో కొలిచి రాసుకోవాలి. దారి మూసుకుపోతే వెనక్కి వచ్చి మరో దారి పట్టాలి. ఇదే అన్వేషణ.

ఈ పనిని ఇంట్లో కూర్చుని అలవాటు చేసుకోవడానికి కొన్ని వీడియో ఆటలు ఉన్నాయి. వాటి పేర్లు మీలో ఎక్కువమందికి తెలియవు. మీరు ఆడే ఆటలలో వాటికి చోటు ఇవ్వాలని నా అభిప్రాయం. సైన్సు పత్రిక వీడియో ఆటలు ఆడమని చెప్పడమేమిటని పెద్దలకు అనిపించవచ్చు. వారు కూడా ఈ వ్యాసం చివరిదాకా చదవాలని కోరుతున్నాను.

ముందు బెలుం సంగతి చూద్దాం. ఇవి కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. పూర్వం కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మన ఇళ్ళలో పరిచే నాపబండల వంటి సున్నపురాతిలోనే ఇవి ఏర్పడ్డాయి. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోకి దిగి, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. లక్షల ఏళ్ళు అలా కరిగితే పగులు దారి అవుతుంది, దారి గది అవుతుంది. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో మనం చూడగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే. పాతాళగంగ అనేచోట లోతు 46 మీటర్లు.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లోనే ఈ గుహలను ప్రస్తావించాడు. ఆ తర్వాత దాదాపు వంద సంవత్సరాలు వీటిని పట్టించుకున్నవారు లేరు. చుట్టుపక్కలవారు చెత్త తెచ్చి ఇందులో పడవేసేవారు. 1982, 1983 సంవత్సరాలలో డానియెల్ గెబవర్ నాయకత్వాన జర్మనీ గుహాన్వేషకులు వచ్చి లోపలి దారులను కొలిచారు. తర్వాత ప్రభుత్వం రక్షణ కల్పించింది. 2002లో గుహలను ప్రజలకు తెరిచారు. చూశారా! గుహ ఎప్పుడూ అక్కడే ఉంది. కొలిచి, పటం గీసిన తర్వాతే దాని విలువ తెలిసింది.

ఇక ఆటల సంగతి. గుహలకూ కంప్యూటర్ ఆటలకూ చుట్టరికం పాతదే. అమెరికాలో విల్ క్రౌథర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఉండేవాడు. గుహలను కొలవడం ఆయన సరదా. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలలో ఆయన తిరిగాడు. ప్రపంచంలో తెలిసిన గుహలలో అదే అన్నిటికంటే పొడవైనది, 680 కిలోమీటర్లకు పైమాటే. 1976 ప్రాంతంలో ఆయన ఆ గుహదారులనే కంప్యూటర్‌లో ఆటగా మార్చాడు. అందులో బొమ్మలు లేవు, మాటలే. 'ఉత్తరానికి వెళ్ళు' అని టైపు చేస్తే, అక్కడ ఏముందో కంప్యూటర్ చెప్పేది. దారి వెతికే ఆటలకు ఆది ఇదేనని చెప్పవచ్చు.

తర్వాత బొమ్మల ఆటలు వచ్చాయి. తెరమీద ఒక చిన్న మనిషి ఉంటాడు. బండ మీది నుంచి బండ మీదికి గెంతుతాడు, నిచ్చెన ఎక్కుతాడు, గుంత దాటుతాడు. వీటిని ప్లాట్‌ఫారం ఆటలు అంటారు. వీటిలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో ఎప్పుడూ ముందుకే పరుగు. వెనక్కి చూసే పనిలేదు. రెండో రకంలో లోకమంతా మీ ముందు ఉంటుంది. ఎటైనా వెళ్ళవచ్చు. ఒకచోట తలుపు మూసి ఉంటుంది. తాళంచెవి ఎక్కడో దూరాన ఉంటుంది. అది దొరికాక, తలుపు ఎక్కడ చూశామో గుర్తు తెచ్చుకుని వెనక్కి రావాలి. నేను చెప్పేది ఈ రెండో రకం గురించే.

1982లో డేవిడ్ క్రేన్ తయారుచేసిన 'పిట్‌ఫాల్' అనే ఆటను తీసుకోండి. ఒకప్పుడు గొప్ప పేరు తెచ్చుకుంది. ఇప్పటి పిల్లలు ఎరుగరు. అందులో 255 తెరల అడవి, 32 నిధులు, వ్యవధి 20 నిమిషాలు. నేల కింద సొరంగం ఉంది. సొరంగంలో ఒక తెర దాటితే పైన మూడు తెరలు దాటినట్లు. ఎక్కడ దిగాలి, ఎక్కడ పైకి రావాలి? పటం గీసుకోనివారికి నిధులన్నీ దొరకడం చాలా కష్టం.

ఇంకో వింత వినండి. ఈ ఆట మొత్తం 4,096 బైట్లలో ఇమిడిపోయింది. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని కంప్యూటర్‌లో దాచాలన్నా అంతకంటే ఎక్కువ చోటు కావాలి! మరి 255 తెరలు ఎలా పట్టాయి? అసలు వాటిని దాచలేదు. ఎనిమిది స్థానాలలో 0 గాని 1 గాని రాస్తే మొత్తం 256 సంఖ్యలు వస్తాయి. ఒక్కొక్క సంఖ్య ఒక్కొక్క తెరకు గుర్తు. ఈ సంఖ్య నుంచి తర్వాతి సంఖ్యను పుట్టించడానికి చిన్న సూత్రం ఉంది. వెనక్కి నడిస్తే అదే సూత్రాన్ని తిరగేస్తారు. అన్నీ సున్నాలైన సంఖ్య నుంచి మళ్ళీ అదే పుడుతుంది కాబట్టి దాన్ని వదిలేశారు. మిగిలినవి 255. లెక్కలు ఎందుకని అడిగేవారికి ఇదొక జవాబు.

1984లో వచ్చిన 'మాంటెజూమాస్ రివెంజ్' సంగతి మరీ చిత్రం. దాన్ని తయారుచేసిన రాబర్ట్ జేగర్ అప్పటికి పదహారేళ్ళ కుర్రవాడు. అంటే మీ ఈడువాడే. మొదటి గదిలోనే నిచ్చెన దిగి, తాడు పట్టుకుని, పుర్రెను తప్పించుకుని, తాళంచెవి అందుకుని, వచ్చిన దారినే తిరిగి వెళ్ళాలి. 2015లో ఒక కంప్యూటర్ బుద్ధి తనంతట తానే 49 పాత ఆటలు నేర్చుకుని ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. కొన్నిటిలో మనుషులను మించిపోయింది. కాని ఈ ఆటలో దానికి వచ్చినది సున్నా! ఎందువల్ల? తాళంచెవి చేతికి వచ్చేదాకా పాయింట్లు రావు. పాయింటు కనబడకపోతే ఎటు పోవాలో దానికి తెలియలేదు. 2021లో మరికొందరు శాస్త్రవేత్తలు ఈ చిక్కు విప్పారు. వాళ్ళు చేసినది ఏమిటంటారా? చూసిన చోట్లన్నీ గుర్తుంచుకో, మంచి చోటికి ముందు తిరిగి వెళ్ళు, అక్కడినుంచి కొత్త దారి వెతుకు. ఈ పద్ధతిని కంప్యూటర్‌కు నేర్పారు. గుహలు కొలిచేవారు ఎప్పటినుంచో చేస్తున్న పని ఇదే కదూ!

నేటి ఫోనులలో మీకు ఎదురయ్యే ఆటలు చాలావరకు మొదటి కంప్యూటర్‌ను పెంచినట్లే మిమ్మల్ని పెంచుతాయి. క్షణానికొక నాణెం, నిమిషానికొక బహుమతి, మధ్యలో ప్రకటన. బహుమతి ఆగితే ఆసక్తి ఆగిపోతుంది. పెద్దల కోపం ఇటువంటి ఆటల మీదనైతే నేనూ వారి పక్షమే. మన వైకుంఠపాళిలో కూడా గవ్వలు చెప్పినట్లే నడుస్తాం. అది అదృష్టం ఆట. దారి వెతికే ఆటలో ఎటు పోవాలో చెప్పేవారు ఉండరు. మీరే ఆలోచించాలి. పావుగంట తిరిగినా ఏమీ దొరకకపోవచ్చు. కాని ఆ పావుగంట వృథా కాదు. 'ఇటు దారి లేదు' అని తెలుసుకోవడం కూడా తెలివే. ప్రయోగశాలలో జరిగేది చాలావరకు అదే.

మరి ఏవి ఆడాలి? నేను రెండు చెబుతాను. రెండూ ఉచితంగా విడుదలైనవే, పాత కంప్యూటర్ల మీద కూడా నడిచినవే. మొదటిది 'కేవ్ స్టోరీ', అంటే గుహ కథ. జపాన్‌కు చెందిన దైసుకే అమయా తీరిక వేళల్లో ఐదేళ్ళు ఒక్కడే కూర్చుని బొమ్మలు, సంగీతం, కథ అన్నీ సమకూర్చి 2004లో విడుదల చేశాడు. రెండవది స్వీడన్‌కు చెందిన నిక్లాస్ నీగ్రెన్ 2007లో విడుదల చేసిన 'నిట్ స్టోరీస్'. ఇందులో తుపాకి లేదు, యుద్ధం లేదు. ఒక అమ్మాయి గోడలు ఎక్కుతూ లోకం చూస్తూ పోతుంది, అంతే. ఆడేవారే కొత్త లోకాలు కట్టుకునే పనిముట్టు కూడా దానితో ఇచ్చారు. ఇవి నిదానంగా సాగుతాయి, తళుకుబెళుకులు తక్కువ. అందుకే మన బడిపిల్లల దాకా రాలేదు.

ఆడేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. పక్కన గళ్ళ నోటుబుక్కు, పెన్సిలు ఉండాలి. గదికొక గడి. మూసిన తలుపుకు ఒక గుర్తు, ఎక్కలేని గోడకు ఒక గుర్తు, చూడని దారికి ప్రశ్నార్థకం. రోజుకు అరగంట చాలు. ఆట ఆపాక కూడా పటాన్ని ముందు పెట్టుకుని ఆలోచించండి. నలుగురు స్నేహితులు విడివిడిగా గీసి, పటాలు పోల్చుకుంటే మరీ మంచిది.

ఒక హెచ్చరిక. ఆటలో గుంతలో పడితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. నిజమైన గుహలో అలా కాదు. బిలాలలో గాలి చెడిపోయి ఉండవచ్చు, వాన వస్తే నీరు ముంచెత్తవచ్చు. పెద్దలు, తెలిసినవారు తోడు లేకుండా ఏ బిలంలోకీ దిగకండి.

చివరగా ఒక మాట. మన సీమ అంటే ఎండ, రాయి, కరువు అనుకునేవారు ఉన్నారు. ఆ రాయిలోనే బెలుం దారులు ఉన్నాయి. ఆ రాళ్ళ మధ్యనే గండికోట దగ్గర పెన్న కోసుకుపోయిన లోయ ఉంది. ఇవి ఆటకు తగిన లోకాలు కావా? పిల్లల కోసం చేసిన 'స్క్రాచ్' అనే ఉచిత సాధనంతో బడిలోని కంప్యూటర్ మీద చిన్న ఆట మీరే తయారుచేయవచ్చు. ముందు మీ బడినో, ఊరి దిగుడుబావి చుట్టుపక్కలనో అడుగులతో కొలిచి పటం గీయండి. దాన్ని తెరమీదికి ఎక్కించండి. పదహారేళ్ళ జేగర్ చేసిన పని మీకూ చేతనవుతుంది.