కారు ఏ ఊరిది?

ఉద్యోగరీత్యా ఉత్తరాదికి వెళ్ళిన మా ప్రాంతపు పిల్లలు స్వస్థలానికి తిరిగివచ్చేటప్పుడు సామానుతో పాటు కారును కూడా తెచ్చుకోవడం ఈ మధ్య తరచుగా చూస్తున్నాను. గురుగ్రామం నుండి మదనపల్లెకు రెండువేల కిలోమీటర్లకు పైమాటే. అయినా బండిని చేర్చడం ఇప్పుడు పెద్ద విశేషమేమీ కాదు. డబ్బు కడితే పది పన్నెండు రోజులలో వచ్చేస్తుంది. రానిదల్లా దాని కాగితం. ఈ టపా ఆ కాగితాన్ని గురించి.

ముందు బండి సంగతి చూద్దాం. తానే నడుపుకుంటూ రావడం ఒక దారి. కూలికి డ్రైవరును పెట్టుకోవడం రెండవది. ఈ రెండూ వద్దనుకున్నవారు కార్లను మోసే కంటైనర్ లారీని ఆశ్రయిస్తారు. ట్యాంకులో పెట్రోలు అడుగున కొద్దిగా మాత్రమే ఉంచి, నాలుగు వైపులా ఫోటోలు తీసి, మీటరులో అంకె రాసుకుని, చక్రాలను పట్టీలతో బిగిస్తారు. అద్దానికి అంటించిన ఫాస్టాగును తీసి దాచుకొమ్మని తెలిసినవారు చెబుతారు. లేకుంటే లారీ మీద కూర్చుని ప్రయాణిస్తున్న కారు కూడా టోలు కట్టే ప్రమాదం ఉంది! ఇంతా చేసి ఆ లారీ మదనపల్లె దాకా రాదు. బెంగళూరు వెలుపల హోసకోటె దగ్గర ఏదో ఒక యార్డులో దించుతారు. అక్కడినుండి చింతామణి మీదుగా సుమారు వంద కిలోమీటర్లు మనమే తెచ్చుకోవాలి.

రైలు లేదా అని అడగవచ్చు. మోటారు సైకిలయితే పెట్రోలు తీసేసి, గోనెపట్టాలు చుట్టి పార్సిల్ ఆఫీసులో అప్పగించే అలవాటు మనకు ఎప్పటినుండో ఉన్నది. ఒంటరి కారుకు అంత సులువైన దారి లేదు. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుండి కొత్త కార్లు గూడ్సు రైళ్ళలో బారులు తీరి ఉత్తరాదికి పోతాయి. అక్కడినుండి ఒక పాత కారు ఇటు రావాలంటే మాత్రం లారీయే గతి. మా మూడు ఊళ్ళ తీరు కూడా విచిత్రమే. కుప్పం బెంగళూరు–జోలార్‌పేట మార్గం మీదనే ఉన్నది. మదనపల్లె పేరు పెట్టుకున్న స్టేషను ఊరికి ఎంతో దూరంగా సీటీయం దగ్గర ఉన్నది. పుంగనూరుకు రైలే లేదు. మూడింటినీ కలిపేది 42వ నంబరు జాతీయ రహదారి ఒక్కటే. అనంతపురం నుండి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది.

ఇక కాగితం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 46వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన బండికి దేశమంతటా చెల్లుబాటు ఉన్నది. ఆ వెంటనే వచ్చే 47వ సెక్షను, మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలంటుంది. దానికి పాత ఆఫీసునుండి నిరభ్యంతర పత్రం కావాలి. బండి మీద అప్పు ఉంటే బ్యాంకువారి అంగీకారం కూడా కావాలి. ఇదంతా తిప్పలే గాని అన్యాయం కాదు. బండి ఎక్కడ ఉన్నదో, ఎవరిదో ప్రభుత్వానికి తెలియాలి కదా.

అసలు చిక్కు జీవితకాలపు పన్నుది. కొన్నరోజే పదిహేనేళ్ళ పన్నును ఒక్కసారిగా కట్టించుకుంటారు. కర్ణాటకలో పది నుండి ఇరవై లక్షల మధ్య విలువున్న కారుకు ఇది 17 శాతం. అంటే ఈ కారు, ఈ యజమాని పదిహేనేళ్ళ పాటు ఈ రాష్ట్రం దాటిపోరని ముందే తీర్మానించి వసూలు చేయడమన్నమాట. మూడేళ్ళకు ఉద్యోగం మారితే కొత్త రాష్ట్రం బండి వయసును లెక్కగట్టి మళ్ళీ పన్ను అడుగుతుంది. పాత రాష్ట్రం మిగిలిన కాలానికి కొంత తిరిగి ఇవ్వాలి. ఇస్తుంది కూడా, అడిగితే. అడగవలసిన చోటు రెండువేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇక్కడ కొత్త నంబరు వచ్చాక ఆ రుజువులు పట్టుకుని అక్కడ దరఖాస్తు పెట్టాలి. మా చిన్నాన్న కుమారునికి పుంగనూరులో ఒక ఏజెంటు చేసిన హితబోధ నాకు బాగా గుర్తున్నది: "అన్నా, ఆ దుడ్లు మర్చిపోన్నా. నువ్వు ఆడికి పొయ్యొచ్చే ఖర్చే దానికన్నా ఎక్కువైతాది." ఏజెంట్ల మాట అన్నివేళలా నమ్మదగినది కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం వాడు చెప్పింది నిజం. ఒక కారుకు రెండు రాష్ట్రాలు పూర్తి పన్ను అనుభవించడం ఇలాగే జరుగుతుంది. ఎవరూ దోచుకోనక్కరలేదు, దరఖాస్తు పెట్టే చోటు దూరంగా ఉంటే చాలు.

కుప్పం విషయానికి వస్తే 47వ సెక్షను ఇంకొంచెం వినోదంగా మారుతుంది. అది మూడు రాష్ట్రాల కూడలి. ఇల్లు కుప్పంలో, వ్యాపారం కృష్ణగిరి వైపు, పిల్లల చదువు బెంగళూరులో ఉన్న కుటుంబాలు అక్కడ అరుదు కాదు. ఆ ఇంటి కారు వారానికి మూడు రాష్ట్రాల గాలి పీలుస్తుంది. అది ఎక్కడ "ఉంచబడినది"? పన్నెండు నెలలు ఏ తేదీనుండి లెక్కించాలి? సరిహద్దు దాటినప్పుడల్లా లెక్క మళ్ళీ ఒకటినుండి మొదలవుతుందా? చట్టం రాసినవారి మనసులో ఉన్న బండి ఒకచోటినుండి కదిలి మరొకచోట స్థిరపడేది. మా వైపు బండ్లకు ఆ స్థిరత్వం లేదు. దారిలో ఆపినవారికి పెట్రోలు బిల్లులు, టోలు రశీదులు చూపి నిన్ననే వచ్చామని నిరూపించుకోవలసినది యజమానియే.

ఈ అనుమానం ఎంతదూరం పోగలదో బెంగళూరులో చూశాం. 2014లో కర్ణాటక తన పన్ను చట్టాన్ని సవరించి, ఇతర రాష్ట్రాల బండి ముప్పై రోజులు దాటి ఉంటే జీవితకాలపు పన్ను కట్టాలన్నది. ఏపీ నంబరుతో అక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు ఎంతమందో వేరే చెప్పనక్కరలేదు. కేంద్ర చట్టం పన్నెండు నెలలు ఇస్తే రాష్ట్రం ముప్పై రోజులెలా అంటుందన్న ప్రశ్న హైకోర్టుకు చేరింది. 2016లో ఆ సవరణను కోర్టు కొట్టివేసింది.

రాష్ట్రాల వైపు న్యాయమే లేదని నేను అనను. ఖరీదైన కార్లను పన్ను తక్కువగా ఉన్న పుదుచ్చేరిలో ఏదో ఒక చిరునామాతో నమోదు చేయించి, జీవితమంతా వేరే రాష్ట్రంలో తిప్పుకున్న పెద్దమనుషులు ఉన్నారు. రోడ్లు వేసే రాష్ట్రానికి పన్ను చేరాలి. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో వాహనాల పన్ను రాష్ట్ర జాబితాలో 57వ అంశం. అయితే ఆ పన్ను ఏ సూత్రాలపై వేయాలో చెప్పే అధికారం ఉమ్మడి జాబితాలో 35వ అంశంగా ఉన్నది. అంటే కేంద్రం కూర్చుని ఒక పద్ధతి నిర్ణయించవచ్చు. ఈ రెండవ సంగతి మన చర్చలలో ఎందుకో వినబడదు.

పద్ధతి కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మదనపల్లె మార్కెట్టు ముందు నిలబడి చూస్తే చాలు. టమాటా ఎత్తుకుని దేశం నలుమూలలకూ పోయే లారీ జీవితకాలపు పన్ను కట్టదు. మూడు నెలలకొకసారి కడుతుంది. యజమాని మకాం మార్చితే పాత చోట బాకీ తీర్చి కొత్త చోట కట్టడం మొదలుపెడతాడు. తిరిగి రావలసిన పెద్ద మొత్తమేదీ వెనక చిక్కుకోదు. రాష్ట్రాలు దాటి తిరగడానికి నేషనల్ పర్మిట్టు ఉన్నది. 2010 నుండి దానికి ఏడాదికి ఒకే రుసుము కడితే చాలు, రాష్ట్రాలకు పంచే లెక్క ప్రభుత్వాలే చూసుకుంటాయి. టమాటాకు కుదిరిన లెక్క మనిషికి ఎందుకు కుదరదు?

కొందరికి కుదిరింది. 2021 సెప్టెంబరులో వచ్చిన భారత్ సిరీస్, అంటే బీహెచ్ నంబరు, తీసుకున్నవారు రెండేళ్ళకు ఒకసారి పన్ను కడితే సరిపోతుంది. రాష్ట్రం మారినా నంబరు మారదు. మంచి ఏర్పాటు. అయితే అది సైనికులకు, ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేక అంతకు మించి రాష్ట్రాలలో ఆఫీసులున్న సంస్థల ఉద్యోగులకు మాత్రమే. నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతగాడు సూరత్‌లో కొట్టు తెరిచినా, పుంగనూరు వంటమేస్త్రీ ఢిల్లీలో నాలుగేళ్ళు హోటలు నడిపి తిరిగివచ్చినా వారికి అది లేదు. బదిలీ అనేది నెలజీతగాళ్ళకు మాత్రమే వస్తుందని ఢిల్లీవారు అనుకున్నట్లున్నది. పొట్టకూటికోసం ఊరు మారేవాడికి బదిలీ ఉత్తర్వు ఎవరిస్తారు?

అమెరికాలో ఉన్న మిత్రులు అక్కడ కూడా రాష్ట్రం మారితే నంబరు పలక మార్చాలి కదా అంటారు. నిజమే, పైగా చాలాచోట్ల గడువు మనకంటే తక్కువ. వర్జీనియాలోని లోర్టన్ నుండి ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌కు మనుషులనూ వారి కార్లనూ ఒకే రైలులో తీసుకుపోయే ఆటో ట్రెయిన్ సౌకర్యం కూడా వారికి ఉన్నది. అయితే అక్కడ రిజిస్ట్రేషను రుసుము సాధారణంగా ఏడాదికో రెండేళ్ళకో కట్టేది. పదిహేనేళ్ళది ముందే గుంజుకోరు. అందుకే పలక మార్చడం అక్కడ ఒక పూట పని, ఇక్కడ ఒక వ్యాజ్యం.

నా కోరిక పెద్దది కాదు. ఏటా, లేదా రెండేళ్ళకొకసారి, బండి ఉన్నచోట పన్ను కట్టే వీలు అందరికీ ఇవ్వండి. జీవితకాలానికి కట్టేస్తానన్నవాడిని కట్టనివ్వండి. ఇప్పటికే కట్టినవారికి రావలసిన మొత్తాన్ని పాత రాష్ట్రం కొత్త రాష్ట్రానికే నేరుగా జమచేయాలి. వాహన వివరాలు, పన్ను రశీదులు అంతర్జాలంలోకి ఎక్కిన ఈ రోజుల్లో రెండు ప్రభుత్వాల నడుమ ఈ లెక్క చూడడానికి మనిషి రైలెక్కి పోవలసిన అగత్యం నాకు కనబడదు.

అది జరిగేలోగా, కారును లారీ ఎక్కించబోయేవారు మొదట కట్టిన పన్ను రశీదు అసలు ప్రతిని భద్రంగా దగ్గర ఉంచుకోండి. ఊరు వదిలేముందే ఆ ఆఫీసుకు వెళ్ళి, వాపసుకు ఏయే కాగితాలు కావాలో, తపాలాలో పంపితే తీసుకుంటారో లేదో కనుక్కోండి. మా చిన్నాన్న కుమారుడు రెండవ లేఖ పంపి నాలుగు నెలలయింది.