మెత్తని బడి

"ఏ బడిలో చదువు బాగా చెబుతారండీ?" అని అడిగేవారు నాకు వారానికి నలుగురైనా తగులుతారు. "ఏ బడిలో పిల్లను నొప్పించకుండా చెబుతారు?" అని అడిగినవారు మాత్రం నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కరే. ఆమె మా చెల్లెలు.

చెల్లెలి భర్తది వంతెనలు కట్టించే ఉద్యోగం. ఏడాదికొక వూరు. అందువల్ల మా మేనకోడలికి పదకొండేళ్లు వచ్చేవరకూ తల్లే పంతులమ్మ, వంటింటి గడపే బడి. పిల్లకు తెలుగు వచ్చు, లెక్కలు వచ్చు. సీతాకోకచిలుక ఏ ఆకుమీద గుడ్లు పెడుతుందో కూడా చెబుతుంది. రానిదల్లా వరుసలో నిలబడడం. ఇప్పుడు వాళ్లు మా వూళ్లో స్థిరపడ్డారు. "అన్నయ్యా, చదువు నేనే చెప్పగలను. తోటిపిల్లల్ని ఎక్కడినుంచి తేను? ఆరో తరగతికి మెత్తని బడి ఒకటి చూసిపెట్టు" అన్నది చెల్లెలు.

మెత్తని బడి అనగానే చదువు పలచనైన బడి అనుకునేవారున్నారు. గారెల పిండి ఎట్లా రుబ్బాలో మన ఆడవాళ్లకు తెలుసు. మెత్తగా వుండాలి, జారుగా వుండకూడదు. బడి సంగతీ అంతే.

చట్టం మనవైపే వుంది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆరునుంచి పధ్నాలుగేళ్లవరకు పిల్లలెవరైనా బడిలో చేరకుండా వుండిపోతే వయసుకు తగిన క్లాసులో చేర్చుకోవాలనీ, వెనుకబడితే ప్రత్యేకంగా చెప్పాలనీ అందులో వుంది. చేర్చుకునే ముందు వడపోత పరీక్ష పెడితే మొదటిసారి 25,000 రూపాయలదాకా జరిమానా. కొట్టడమే కాదు, మనసు నొప్పించడం కూడా నిషేధం. కాని బెత్తాన్ని చట్టం ఆపగలదు. వెటకారాన్ని ఆపాలంటే మాస్టారే ఆపుకోవాలి.

నేనూ, చెల్లెలూ, పిల్లా మూడు బడులు చూశాం. ప్రతిచోటా మా పిల్లది ఒకటే ప్రశ్న: "ఇక్కడ తెలియదని చెప్పవచ్చునా అండీ?"

మొదటి బడి మేడ. అక్కడి పెద్దాయన గోడమీది ర్యాంకుల పట్టిక చూపించి, "మా దగ్గర ఆ మాట వినపడదమ్మా" అన్నారు, గర్వంగానే. రెండోచోట, "ముందు పరీక్ష రాయనివ్వండి, తెలిసేదీ తెలియనిదీ మేమే చూస్తాం" అన్నారు. మూడోది పెచ్చులూడిన మునిసిపల్ బడి. సైన్సు చెప్పే పంతులమ్మ ఒకావిడ చేతికంటిన సుద్ద దులుపుకుంటూ, "చెప్పవచ్చు తల్లీ. రోజుకు రెండుసార్లయినా నేనూ చెబుతాను. తరవాత అందరం కలిసి వెతుకుతాం" అన్నది. పిల్ల తల్లి చెయ్యి వదిలేసి ఆ క్లాసులోకి తొంగిచూసింది. ఇంకో బడి చూడవలసిన పని లేకపోయింది.

ఆ ప్రశ్న విలువ నాకు తెలిసినంతగా పిల్లకు తెలియదు. కాలేజీలో పాఠం ముగించి, "సందేహాలున్నాయా?" అంటే ఎనభై తలకాయలు వంగుతాయి. సందేహాలు లేక కాదు. ఏ ఆరో తరగతిలోనో, ఏడో తరగతిలోనో "తెలియదు" అన్నందుకు నలుగురూ నవ్వి వుంటారు. ఆనాడు మూసుకున్న నోరు పదిహేడో ఏట నేను తెరవమంటే తెరుచుకుంటుందా?

కనుక బడి చూడబోయే తల్లిదండ్రులకు నా మనవి. బోర్డు చూడకండి, దిద్దిన నోటుపుస్తకం ఒకటి అడిగి చూడండి. తప్పు లెక్కకు అడ్డంగా గీతే వుందా, ఎక్కడ తప్పిందో ఒక ముక్క రాశారా? గంట కొట్టే వేళకు వరండాలో నిలబడి వినండి. అరుపు పిల్లలదైతే దిగులు లేదు, పెద్దలదైతే ఆలోచించండి. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియా, లోపల నీళ్లూ వున్నాయో లేదో తల్లి స్వయంగా చూడాలి. ఆరునుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకొక టీచరు వుండాలని చట్టం; క్లాసులో తలలు లెక్కపెట్టండి. ఇంట్లో ఒక్క అమ్మ దగ్గర చదివిన పిల్లకు ఇక్కడ గంటకొక మాస్టారు మారతారు. ఏడుపు వస్తే ఎవరి దగ్గరకు వెళ్లాలో ఒక పేరు అడిగి తెలుసుకోండి.

మరొకటి. ఈ తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 గంటల పాఠం వుండాలి. అంటే రోజుకు నాలుగున్నర గంటలు. ఇంట్లో రెండు గంటల్లో చదువు ముగించి చెట్లవెంట తిరిగిన పిల్ల మొదటి నెలలో అన్నం తింటూనే కునుకుతుంది. మా పిల్లా కునికింది. దాన్ని మందమతి అనకండి. ఆ నెల ట్యూషన్ పెట్టకండి. పెందరాళే నిద్రపోనివ్వండి.

శాంతినికేతనంలో రవీంద్రుడు 1901లో చెట్లకింద బడి పెట్టాడు. మన మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తిగారి రిషివ్యాలీ వుంది. అవి అందరికీ అందేవి కావు. అందే బడుల్లోనే "నాకూ తెలియదు, వెతుకుదాం" అనగల పంతులమ్మ ఎక్కడో వుంటుంది. ఆమె వున్న బడిని వెతకండి. వెతకబోయేటప్పుడు పిల్లను వెంట తీసుకువెళ్లండి. అడగవలసిన ప్రశ్న తనకే తట్టవచ్చు.