ర్యాంకుల ఫ్లెక్సీలే కాదు, టైమ్‌టేబుళ్లూ దాచాలి



పరీక్షలు ముగిసిన వారంలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకే పని జరుగుతుంది. నోటుబుక్కులు, వర్క్‌షీట్లు, స్కూల్ డైరీలు కట్టగట్టి పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేస్తాం. బడిలోనూ అంతే. స్టాఫ్‌రూమ్ బీరువాలు ఖాళీ అవుతాయి. పాత ప్రశ్నపత్రాలు, టైమ్‌టేబుళ్లు, బస్ రూట్ కాగితాలు బయటికి పోతాయి. చివరికి మిగిలేది గేటు మీద ర్యాంకుల ఫ్లెక్సీ, ఫైల్లో మార్కుల మెమో.

కొత్త పుస్తకాలకు చోటు కావాలి కాబట్టి ఇది తప్పు అనలేం. కానీ బయట పడేసే ముందు అందులో ఏముందో ఒకసారి చూడాలని, కొంచెమైనా పక్కన పెట్టాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ఒక పాత కాలేజీ సంగతి ముందు చెబుతాను.

కాలేజీకి మాన్యాలు, మాన్యాలకు లెక్కలు

ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో చాలా కాలేజీలున్నాయి. ప్రతిదానికీ సొంత భవనాలు, సొంత ఆస్తులు, సొంత రికార్డులు ఉంటాయి. వాటిలో బాగా పాతది మెర్టన్ కాలేజీ. 1264లో వాల్టర్ డి మెర్టన్ అనే ఆయన దాన్ని స్థాపించారు. రాజు కొలువులో చాన్సలర్ పదవి చేసిన మనిషి కాబట్టి కాగితం విలువ తెలుసు. మన దగ్గర గుడులకు మాన్యాలు రాసిచ్చినట్టు, కాలేజీ నడవడానికి ఆయన ఊళ్లూ పొలాలూ రాసిచ్చారు.

ఊళ్లుంటే శిస్తులుంటాయి, తగాదాలుంటాయి, జమాఖర్చులుంటాయి. ఇవన్నీ ఏటా గొర్రె తోలు పత్రాల మీద లాటిన్‌లో రాసి, చుట్టలు చుట్టి కాలేజీకి పంపేవారు. వాటిని పెట్టడానికి 13వ శతాబ్దం ముగిసేలోపే ఒక రాతి గది కట్టారు. పైకప్పు కూడా రాయే, నిప్పు అంటుకోకుండా. అప్పటికి కాలేజీకి నలభై ఏళ్లు కూడా నిండలేదు. అంటే అది అప్పట్లో కొత్త సంస్థే. అయినా కాగితాలను జాగ్రత్త చేయాలన్న ఆలోచన దానికి వచ్చింది.

ఆ కాలేజీ రికార్డుల్లో స్థాపకుడి నియమావళి ఉంది, భూముల దస్తావేజులున్నాయి, 1483 నుంచి కాలేజీ పెద్దల సమావేశాల రిజిస్టరు ఉంది. ఇలాంటివి ఏ సంస్థ అయినా దాచుకుంటుంది. కానీ చరిత్రకారులకు అసలు నిధిగా దొరికినవి ఎవరూ పెద్దగా పట్టించుకోని ఊరి లెక్కలు.

ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లో కక్సమ్ అనే చిన్న ఊరు మెర్టన్ కాలేజీది. అక్కడ కాలేజీ పొలాలు చూసుకోవడానికి రాబర్ట్ ఓల్డ్‌మన్ అనే రైతు ఉండేవాడు. మన పల్లెల్లో పెద్దపాలేరు పనీ కరణం పనీ ఒక్కడే చూస్తే ఎలా ఉంటుందో అలాంటి ఉద్యోగం. 1311 నుంచి 1349 దాకా, అంటే 38 ఏళ్లు, లెక్క ఒప్పజెప్పింది ఆయనే. రాసింది గుమాస్తా. ఒకవైపు డబ్బు లెక్క, వెనకవైపు ధాన్యం, పశువుల లెక్క. ఎంత గోధుమ వచ్చింది, విత్తనానికి ఎంత పోయింది, నాగలికి ఎంత ఖర్చయింది, కోతకు ఎంత కూలి ఇచ్చారు అన్నీ ఉంటాయి. కాలేజీ ఆడిటర్లు నమ్మకపోతే అంకె కొట్టేసి వేరే అంకె వేసేవారు. ఆ కొట్టివేతలు కూడా అలాగే ఉన్నాయి.

1349లో ఇంగ్లాండును ప్లేగు కమ్మేసింది. ఆ ఏడాదే ఓల్డ్‌మన్ చనిపోయాడు. రాజుల చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ఉండదు. ఆయన బతికిన ఊరు ఎలా ఉండేదో మనకు తెలియడానికి ఆ లెక్కలే కారణం. పి.డి.ఎ. హార్వే అనే చరిత్రకారుడు ఆ చుట్టలు ముందు పెట్టుకుని 1240 నుంచి 1400 దాకా ఆ ఒక్క ఊరి చరిత్ర రాశారు. 1965లో వచ్చిందా పుస్తకం.

అంతకు వందేళ్ల ముందు థొరాల్డ్ రోజర్స్ అనే ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఇలాంటి కాలేజీ లెక్కల నుంచి ధరలు, కూలి రేట్లు ఏరి ఒక మహాగ్రంథం మొదలుపెట్టారు. 1866 నుంచి 1902 దాకా ఏడు సంపుటాలు వచ్చాయి. 1259 నుంచి 1793 వరకు ఇంగ్లాండులో గోధుమ ధర ఎంత, వడ్రంగికి కూలి ఎంత అనేది అందులో చూడొచ్చు. ప్లేగు తర్వాత పనివాళ్లు తగ్గిపోయి కూలి రేట్లు పెరిగాయన్న సంగతి అంకెలతో తేలింది ఇలాంటి పనివల్లే. ఆ లెక్క రాసిన గుమాస్తా ఐదారు వందల ఏళ్ల తర్వాత ఒక ప్రొఫెసరు చదువుతాడని రాయలేదు. ఆ ఏడాది ఆడిటరును ఒప్పించడానికి రాశాడు, అంతే.

కాల్చేయబోయిన కాగితాలు

ఇలాంటి రికార్డుల్లో విద్యార్థుల వస్తువులూ ఉంటాయి. మెర్టన్‌లో చదువుతుండగానే ఎవరెస్టు యాత్రకు వెళ్లిన యువకుడు ఆండ్రూ ఇర్విన్. 1924 జూన్ 8న జార్జ్ మాలరీతో కలిసి శిఖరం వైపు వెళ్లి తిరిగి రాలేదు. వయసు 22. కొండ మీద రాసుకున్న ఆయన డైరీ మెర్టన్ ఆర్కైవులో ఉంది. చివరిసారి రాసింది జూన్ 5న. ఆక్సిజన్ పరికరాలు విప్పి బాగుచేసుకోవడం, ఎండకు గాలికి ముఖం మండిపోవడం లాంటివే అందులో ఎక్కువ. ఇర్విన్‌కు కాలేజీలో ఎన్ని మార్కులు వచ్చాయని ఈరోజు ఎవరూ అడగరు. ఆ డైరీ కోసం మాత్రం వస్తారు.

మన పిల్లలకు బాగా తెలిసిన పేరు ఇంకొకటి ఉంది, రామానుజన్. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో పనిచేసి 1919లో తిరిగొచ్చి, 1920లో మద్రాసులో కన్నుమూశారు. ఆఖరి ఏడాది జబ్బుతో మంచంలో ఉండి కూడా ఆయన రాసిన లెక్కల కాగితాలు మద్రాసు యూనివర్సిటీ నుంచి ఇంగ్లాండులో హార్డీకి చేరాయి. తర్వాత వాట్సన్ అనే మరో గణితవేత్త దగ్గరికి వెళ్లాయి. వాట్సన్ 1965లో చనిపోయాక ఆయన గదిలో కాగితాలు నేల మీద కుప్పలుగా పడి ఉన్నాయి. కొద్ది రోజుల్లో కాల్చేయాల్సిన కుప్పలవి. చూడటానికి వెళ్లిన ఒక గణితవేత్తకు వాటిలో రామానుజన్ కాగితాలు చేతికి తగిలాయి. అవి 1968లో ట్రినిటీ కాలేజీ లైబ్రరీకి చేరాయి. 1976లో జార్జ్ ఆండ్రూస్ అనే అమెరికన్ ప్రొఫెసరు అక్కడ పెట్టె తెరిచి చూసేదాకా వాటి విలువ ప్రపంచానికి తెలియలేదు. అందులో ఆరు వందలకు పైగా సూత్రాలున్నాయి. వాటికి రుజువులు కట్టడం మీదే గణితవేత్తలు దశాబ్దాలు గడిపారు.

ప్రతి పిల్లవాడి రఫ్ నోట్సూ రామానుజన్ కాగితాలంత విలువైనదని నేననడం లేదు. ఏ కాగితం రేపు పనికొస్తుందో ఈరోజు చెప్పడం కష్టం అంటున్నాను, అంతే. అందుకే కొంతైనా నమూనాగా మిగల్చాలి.

మన వైపు చూస్తే

మన దగ్గర ఈ అలవాటు లేదనడం సరికాదు. ఊరి కరణాలు కవిలెలు రాశారు. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ దొర కోసం కావలి సోదరుల్లాంటి మనవాళ్లు ఊరూరా తిరిగి కైఫియత్తులు రాయించినప్పుడు ఆ కవిలెలే ఆధారమయ్యాయి. మన ఊళ్ల చరిత్రలో చాలా భాగం అలా దక్కిందే.

పాత విద్యాసంస్థలూ తక్కువేం లేవు. మచిలీపట్నం నోబుల్ కాలేజీ మూలాలు 1843 నాటివి. గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ 1885లో, హైదరాబాద్ నిజాం కాలేజీ 1887లో మొదలయ్యాయి. ఇలాంటి చోట ఒక అడ్మిషన్ రిజిస్టరు మొదటి నుంచీ ఉంటే ఎన్ని విషయాలు తెలుస్తాయో ఊహించండి. ఏ ఊరి పిల్లలు ఎప్పుడు రావడం మొదలుపెట్టారు, తండ్రులు ఏ పని చేసేవారు, మొదటి ఆడపిల్ల ఏ ఏడాది చేరింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు అలాంటి కాలేజీలో చదివి ఉంటే, పిల్లలను వాళ్ల పక్కన కూర్చోబెట్టి అడిగించండి.

రికార్డు లేకపోతే ఏమవుతుందో మనలో చాలామందికి అనుభవమే. కౌన్సెలింగ్ ముందు లోకల్ అభ్యర్థి అని రుజువు చేయడానికి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఎప్పుడో చదివిన చిన్న బడి మూతపడి ఉంటుంది. రిజిస్టరు ఎవరి దగ్గరుందో తెలియదు. అప్పుడు తండ్రీ కొడుకూ కలిసి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతారు. అది చరిత్రకారుల సమస్య కాదు, మన సమస్యే.

మన బ్రాంచిలో ఏం చేయొచ్చు?

నా సూచన చిన్నది. ప్రతి బ్రాంచిలో విద్యాసంవత్సరానికి ఒక అట్టపెట్టె. అందులో ప్రతి పరీక్ష ప్రశ్నపత్రం ఒక్కొక్క కాపీ, ఒక టైమ్‌టేబుల్, హాస్టల్ మెస్ మెనూ, బస్ రూట్ల జాబితా, ఫీజు సర్క్యులర్, యాన్యువల్ డే కరపత్రం. పేర్లు వెనక పెన్సిలుతో రాసిన క్లాసు ఫొటోలు. వీటితో పాటు తరగతికి నాలుగైదు నోటుబుక్కులు. అవి టాపర్లవి మాత్రమే కాకూడదు. చేతిరాత గజిబిజిగా ఉన్నదీ, ఎర్ర ఇంకు దిద్దుబాట్లు ఉన్నదీ ఉండాలి. ర్యాంకు వచ్చిన పిల్లవాడి పేరు ఫ్లెక్సీ మీద ఎలాగూ ఉంటుంది. మిగతా వందల మంది ఇక్కడ పదేళ్లు చదివి వెళ్తారు. వాళ్ల జాడ కూడా బడిలో ఎక్కడో ఉండాలి కదా.

"అంతా యాప్‌లో ఉంది, ఇక కాగితం ఎందుకు?" అని కొందరు అడుగుతారు. యాప్ మారిననాడు పాత లాగిన్ పనిచేయదు. ఫోన్ మారిననాడు వాట్సాప్ గ్రూపులో ఉన్నవీ పోవచ్చు. డిజిటల్‌లో దాచడం మంచిదే, కానీ ఏటా కొత్త చోటికి కాపీ చేసే బాధ్యత ఒక మనిషికి అప్పజెప్పాలి. మెర్టన్ చుట్టలు ఏడు వందల ఏళ్లు నిలిచింది తోలు గట్టిది కావడం వల్ల మాత్రమే కాదు. వాటికంటూ ఒక గది, వాటి బాధ్యత తీసుకున్న మనుషులు ఉండటం వల్ల కూడా.

పిల్లల గోప్యత గురించిన ఆందోళన ఇంకా ముఖ్యమైనది, న్యాయమైనది. ఆరోగ్య వివరాలు, క్రమశిక్షణ నోటీసులు, ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు ఆ పెట్టెలోకి పోకూడదు. పిల్లల నోటుబుక్కు, ఫొటో ఏదైనా మీ రాతపూర్వక అనుమతితోనే తీసుకోవాలి. పిల్లల డిజిటల్ సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. పాత కాలేజీల ఆర్కైవులు సైతం విద్యార్థుల వ్యక్తిగత ఫైళ్లను దశాబ్దాల పాటు బయటివాళ్లకు చూపవు. ఏది దాచాలి, ఏది నాశనం చేయాలి, ఎవరు చూడొచ్చు అని ముందే నియమం రాసుకోవాలి. నియమం లేని పెట్టె చెత్తబుట్ట అవుతుంది, లేదా ప్రమాదం అవుతుంది.

"మన బడికి ఏం చరిత్ర ఉంది, పట్టుమని పాతికేళ్లేగా" అనే మాట కూడా వినిపిస్తుంది. మెర్టన్ వాళ్లు రాతి గది కట్టినప్పుడు వాళ్లూ అంతే. ఇప్పుడు మొదలుపెడితేనే పాతికేళ్ల తర్వాత ఏదైనా ఉంటుంది.

ఈ పని తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. ఏది ఉంచాలో వాళ్లు చర్చించి నిర్ణయించాలి, జాబితా రాయాలి. చరిత్ర ఎలా తయారవుతుందో పాఠ్యపుస్తకం కంటే అది బాగా నేర్పుతుంది.

ఇంట్లో మీరు చేయాల్సింది ఇంకా సులువు. ఈ ఏడాది పుస్తకాలు అమ్మేసేటప్పుడు ఒక్క నోటుబుక్కు పక్కన పెట్టండి. ఏది ఉంచాలో పిల్లలనే అడగండి. అట్ట మీద పేరు, తరగతి, సంవత్సరం రాయించండి. వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి మాట్లాడాక ఇంకొక్క నిమిషం తీసుకుని, మన బ్రాంచిలో ఆ పెట్టె ఎక్కడ పెడుతున్నారో ప్రిన్సిపాల్‌ను అడగండి. తల్లిదండ్రులు అడిగితే బడి చేస్తుంది.